‘నాటు నాటు’ భీం, మన భీం



‘నాటు నాటు’ పాట తెల్వనోళ్లు మనలో ఎవరూ లేరు. చంద్రబోస్ రాసిండు, కీరవాణి బాణీ కట్టిండు. 2021 నవంబర్‌లో పాట విడుదలైంది. వీడియో తీసింది ఉక్రెయిన్‌లో, కీవ్ అధ్యక్ష భవనం ముందట. 2023 మార్చిలో ఆస్కార్ వచ్చింది.

అందులో ఎన్టీఆర్ ఆడింది మన కొమురం భీం పేరుతోనే. కానీ కథ కల్పితం. అసలు భీం దొరల దావతులో ఆడలే. జల్, జంగల్, జమీన్ కోసం నిజాం సర్కారుతో కొట్లాడి 1940లో జోడేఘాట్‌లో అమరుడైండు. అంతకు ఎనభై ఏండ్ల ముందే మన నిర్మల్‌లో రాంజీ గోండును ఉరితీసిండ్రు.

ఆ స్టెప్పులు ప్రేమ్ రక్షిత్ మాస్టర్ కట్టినవి, మన దండారివి కావు. దండారిలో డోలు, పెప్రె, తుడుం మోగుతయి. గుస్సాడీలు నెమలి ఈకల టోపీ పెట్టుకొని ఆడుతరు. మార్లవాయి కనకరాజు గారికి 2021లో పద్మశ్రీ తెచ్చింది ఈ ఆటే.

సినిమా పాటకు ఆడుదాం, తప్పులేదు. కానీ దీపావళికి ఊరికి పోయినప్పుడు దండారిని పూర్తిగా వీడియో తీయండి. వాద్యం పేరు, వాయించిన పెద్దమనిషి పేరు, ఊరి పేరు రాసిపెట్టండి. భీం గురించి పెద్దలు చెప్పేది కూడా రికార్డు చేయండి. లేకుంటే రేపటి పిల్లలకు భీం అంటే ఆ వీడియో ఒక్కటే మిగులుతది.