ఒక అపస్మారము – దాని నామాంతరములు

గాఢనిద్రలో నున్న మనుష్యుడు హఠాత్తుగా లేచి, సైకిలు తొక్కుచున్నట్లు కాళ్లాడించుచు, చేతులు మెలిదిప్పుచు, ఒక్కొక్కప్పుడు పెడబొబ్బలు పెట్టి, రెండు నిమిషములైనను గడవకమునుపే శాంతించుటను చూచిన ఇంటివారు, అది పీడకల యనియో, గాలి సోకిన దనియో, మనోవికార మనియో తలచుటలో వింత యేమున్నది?

ఇటలీదేశమందలి బొలోన్యా నగరమున ఎలియో లుగరేసి, ఫాబియో చిరిన్యొత్తా అను వైద్యులు అట్టి రోగులను నిద్రలోనే పరీక్షించి, 1981లో ఆ కదలికలను బట్టి వ్యాధికి ‘నిద్రాజనిత డిస్టోనియా’ అని పేరిడిరి. అయినను ఇది మూర్ఛయా, క్రొత్త వ్యాధియా యను సందేహమును తమ వ్యాసశీర్షికలోనే దాచక నిలిపిరి. ఆ నిజాయితీ మెచ్చదగినది. తలపై నంటించిన ఎలక్ట్రోడులకు మూర్ఛ జాడ తరచుగా చిక్కెడిది కాదు; ఏలయన ఆ విద్యుత్‌క్షోభ మెదడు ముందుభాగపు లోపలి మడతలనుండియు అడుగుననుండియు పుట్టవచ్చును, పైకి తెలియవలసినది కండరముల అల్లాటలో మునిగిపోవును. మరి కార్బమజెపీన్ అను మూర్ఛమందు స్వల్పమాత్రలోనే గుణమిచ్చుటయు, ఈ హఠాత్కదలికల ప్రతి ఆవేశమును అంతకు మునుపటిదానివలెనే యుండుటయు క్రమముగా సందేహమును తీర్చినవి. వ్యాధి ‘రాత్రికాలిక ఫ్రాంటల్ లోబ్ ఎపిలెప్సీ’ యయ్యెను. 1995లో, ఇది వంశపారంపర్యముగా వచ్చు కుటుంబములలో నొకదానియందు, నికోటినిక్ గ్రాహకమునకు సంబంధించిన జన్యువులో మార్పు కనుగొనబడెను.

ఆ పేరును నిలువలేదు. 2014లో బొలోన్యాయందే సమావేశమైన నిపుణులు, ఆవేశమునకు హేతువు నిద్రయే కాని రాత్రి కాదనియు, పగటికునుకులోను అది రావచ్చు ననియు, దాని పుట్టుక ఫ్రాంటల్ భాగమునకే పరిమితము కాక ఇన్సులా, టెంపొరల్ భాగములయందును ఉండవచ్చు ననియు విచారించి, ‘నిద్రాసంబంధిత హైపర్‌మోటార్ (అతిచలన) ఎపిలెప్సీ’ యని నిర్ణయించిరి. ఆ నిర్ణయము 2016లో ప్రకటితమైనది. ఇంత ప్రయాణము చేసి నామకరణము, మూర్ఛ యను నిశ్చయమును వెంటబెట్టుకొని, మొదటివారు కన్నులార చూచిన కదలికయొద్దకే మరలివచ్చుట నాకు ముచ్చట గొల్పుచున్నది.

ఆ సభవారే రోగనిర్ణయమునకు మూడంతస్తులు కల్పించిరి: చూచినవారు చెప్పినది మాత్రమే యున్నచో సంభావ్యము, ఆవేశము వీడియోలో స్పష్టముగా పట్టుబడినచో లక్షణసిద్ధము, వీడియోతోపాటు నిద్రలోని మెదడు విద్యుల్లేఖనమును సాక్ష్యమిచ్చినప్పుడే నిర్ధారితము.