ఎర్రగుంట్లకు అటూ ఇటూ

ఎర్రగుంట్ల స్టేషన్లో నిలబడితే పట్టాలు ఒకవైపు గుత్తి, గుంతకల్లు దిక్కుకు, మరోవైపు కడప, రేణిగుంట దిక్కుకు సాగిపోతాయి. చుట్టూ నాపరాయి గనులు, సిమెంటు ఫ్యాక్టరీలు. ఏళ్ల తరబడి రాతిదుమ్ము పీల్చిన ఊపిరితిత్తులను క్షయ తేలిగ్గా పట్టుకుంటుంది. ఆ జబ్బుకు వైద్యం పెద్దాసుపత్రి గోడలు దాటి ఊళ్లోకి వచ్చిన కథలో రెండు ముఖ్య ఘట్టాలు ఈ పట్టాలకు అటూ ఇటూ, సీమ నేల మీదే నడిచాయి. ఒకటి మదనపల్లెలో, రెండోది అనంతపురంలో.

మదనపల్లె దగ్గర ఆరోగ్యవరంలో 1915లో క్షయ శానిటోరియం తెరిచారు. పలు క్రైస్తవ మిషన్లు కలిసి కట్టిన ఆసుపత్రి అది. మొదటి పెద్ద డాక్టరు డెన్మార్కు నుంచి వచ్చిన క్రిస్టియన్ ఫ్రిమోట్ మోలర్. అప్పటికి క్షయకు మందు లేదు. మంచి గాలి, మంచి తిండి, నెలల తరబడి మంచం మీద విశ్రాంతి, ఇదే వైద్యం. ఎర్రగుంట్ల రోగి అక్కడికి చేరాలంటే రేణిగుంట దాకా ఒక రైలు, అక్కడ దిగి పాకాల మీదుగా మదనపల్లె రోడ్డుకు మీటర్‌గేజి బండి. దారి ఖర్చు ఎట్లో సర్దుకున్నా, రాళ్లు కొట్టి బతికే మనిషి ఏడాది పాటు మంచాన పడుకుంటే ఇంట్లో పొయ్యి ఎవరు వెలిగిస్తారు?

ఆ ఇబ్బంది ఆరోగ్యవరం డాక్టర్లకూ తెలుసు. అక్కడ సూపరింటెండెంటుగా పనిచేసిన పి.వి. బెంజమిన్ తర్వాత ఢిల్లీలో కేంద్ర ప్రభుత్వానికి క్షయ సలహాదారు అయ్యారు. 1948 ఆగస్టులో, క్షయ రాకుండా వేసే బీసీజీ టీకాను దేశంలో మొదట వేసింది మదనపల్లెలోనే. ఆ తర్వాత క్రిస్టియన్ కొడుకు జోహన్నెస్ ఫ్రిమోట్ మోలర్ బృందం పట్నంలోనూ చుట్టుపక్కల పల్లెల్లోనూ జనాన్ని పరీక్షించడం మొదలుపెట్టింది. చర్మ పరీక్ష, ఎక్స్‌రే, తెమడ పరీక్ష చేసి, కొందరికి టీకా వేసి, కొందరికి వేయకుండా ఏళ్ల తరబడి పోల్చి చూశారు. రోగి వచ్చేదాకా కూర్చోకుండా రోగం ఎక్కడుందో వెతుక్కుంటూ పోవడం అప్పట్లో కొత్త పద్ధతి.

టీకా మీద పోరూ తక్కువేం కాదు. 1955లో రాజాజీ దాన్ని బాహాటంగా వ్యతిరేకించారు. 1968లో చెంగల్పట్టులో మరింత పెద్ద పరీక్ష మొదలైంది. పదిహేనేళ్లు గమనించాక, పెద్దల ఊపిరితిత్తుల క్షయను ఆ టీకా ఆపలేదని తేలింది. పసిబిడ్డలకు వచ్చే తీవ్రమైన క్షయ నుంచి మాత్రం కాపాడుతుంది కాబట్టి పుట్టగానే వేయడం కొనసాగింది.

ఈలోగా క్షయకు మందులు వచ్చాయి. అసలు మలుపు మద్రాసులో వచ్చింది. 1956లో అక్కడ క్షయ మందుల పరిశోధన కేంద్రం పెట్టి, 193 మంది పేద రోగులను రెండు గుంపులు చేశారు. ఒక గుంపు శానిటోరియంలో, ఇంకొక గుంపు ఇంట్లో. రెండింటికీ అవే మాత్రలు. 1959లో ఫలితాలు బయటికొచ్చాయి. ఇరుకు ఇళ్లలో, అరకొర తిండితో ఉన్నవాళ్లూ దాదాపు శానిటోరియం వాళ్లంత బాగానే కోలుకున్నారు. ఇంట్లో ఉంచినందువల్ల కుటుంబంలో వాళ్లకు ఎక్కువగా అంటుకోలేదు కూడా. శానిటోరియం మంచానికి అంతకుముందున్న విలువ ఆ రోజుతో తగ్గింది.

మందు ఇంట్లో మింగొచ్చు, సరే. ఆ ఇంటిదాకా దాన్ని చేర్చేదెవరు? దానికి జవాబు వెతికింది అనంతపురం జిల్లాలో. బెంగళూరు జాతీయ క్షయ సంస్థ 1961లో అక్కడ జిల్లా క్షయ కార్యక్రమానికి నమూనా కట్టింది. ప్రత్యేక ఆసుపత్రులు కట్టలేదు. ఉన్న ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల్లోనే సూక్ష్మదర్శిని పెట్టి తెమడ చూడడం, అక్కడే మాత్రలివ్వడం, జిల్లా కేంద్రం నుంచి అజమాయిషీ చేయడం. మరుసటి ఏడాది అదే జాతీయ కార్యక్రమం అయింది.

అదే సంస్థ తుమకూరులో చేసిన, 1963లో అచ్చయిన అధ్యయనం మరో నిజం బయటపెట్టింది. దగ్గుతో బాధపడే క్షయ రోగుల్లో సగానికి పైగా అప్పటికే ఆసుపత్రి గడప తొక్కినవాళ్లే. వాళ్ల చేతిలో దగ్గు మందు సీసా పెట్టి పంపేశారు.

కాగితం మీది నమూనాకూ ఊళ్లో జరిగేదానికీ మధ్య దూరం అలాగే ఉండిపోయింది. దగ్గు తగ్గగానే రోగి మాత్రలు మానేసేవాడు. 1992లో కార్యక్రమాన్ని సమీక్షిస్తే చికిత్స పూర్తి చేసినవాళ్లు సగం మంది కూడా లేరు. దాంతో ఎవరో ఒకరు ఎదురుగా నిలబడి మాత్ర మింగించే డాట్స్ పద్ధతి వచ్చింది. అది దేశమంతా చేరేసరికి 2006 అయింది. మద్రాసు ఫలితాల నుంచి లెక్కేస్తే 47 ఏళ్లు. గడప దగ్గరికి నడిచొచ్చే ఆశా కార్యకర్త కూడా ఆ రోజుల్లోనే పల్లెలకు వచ్చింది.

ఇక ముసలివాళ్ల సంగతి. క్షయ వయసుతో పాటు పెరుగుతుందని, మగవాళ్లలో ఎక్కువని 1955–58 జాతీయ సర్వేనే చెప్పింది. 2019–21 సర్వే కూడా అదే చెప్పింది. అయినా తాత దగ్గితే చుట్ట దగ్గు అనుకుంటారు, అవ్వ చిక్కిపోతే వయసు మీద పడిందనుకుంటారు. షుగరు ఉంటే ప్రమాదం ఇంకా ఎక్కువ.

అందుకే 2024లో బీసీజీ మళ్లీ పెద్దల దగ్గరికొచ్చింది. ఆంధ్రప్రదేశ్‌తో సహా పలు రాష్ట్రాల్లో అరవై దాటినవాళ్లకు, షుగరు ఉన్నవాళ్లకు, పొగ తాగేవాళ్లకు, మునుపు క్షయ వచ్చినవాళ్లకు, రోగి ఇంట్లో ఉండేవాళ్లకు ఆ టీకా వేయడం మొదలైంది. కొన్ని జిల్లాల్లో టీకా వేసి, మిగతా జిల్లాలను పోలికకు ఉంచారు. మదనపల్లె పల్లెల్లో డెబ్భై అయిదేళ్ల కిందట పరీక్షకు పెట్టిన టీకాయే ఇది. అప్పుడు చేయి చాపిన పిల్లలే ఇప్పుడు తాతలు, అవ్వలు.