కెప్టెన్ మార్టెల్ ఎముకలు

ఇండియా నుంచి అమ్మానాన్నలు వచ్చినప్పుడు మనలో చాలామంది రక్తపరీక్ష చేయిస్తాం. రిపోర్టులో "కాల్షియం నార్మల్" అని ఉంటే అమ్మ ఎముకలకి ఢోకా లేదనుకుంటాం. నిజానికి ఆ అంకె ఎముకల గురించి కాదు. ఎముకల సంగతి తేలాలంటే డెక్సా స్కాన్ వేరే తీయించాలి. నేను డాక్టర్ని కాదు, కంప్యూటర్లతో కుస్తీ పట్టేవాణ్ణి. కానీ ఈ తేడా వైద్యులకి ఎలా తెలిసిందో చదివాక మీతో పంచుకోవాలనిపించింది.

పెద్దవాళ్ళ ఒంట్లో సుమారు 1 కిలో కాల్షియం ఉంటుంది. అందులో 99 శాతం ఎముకల్లో, పళ్ళలోనే. రక్తంలో ఉన్నదంతా కలిపినా అర గ్రాము ఉండదు. గాదెలో ధాన్యం, వంటింట్లో బియ్యం డబ్బా అనుకోండి. డబ్బా తరిగితే గాదెలోంచి తీసి నింపుతారు. డబ్బా నిండుగా ఉందంటే గాదె కూడా నిండుగా ఉన్నట్టేనా?

మరి ఆ కాస్త మీద అంత శ్రద్ధ ఎందుకు? కాల్షియం లేని ఉప్పునీటిలో కప్ప గుండె కొట్టుకోవడం ఆగిపోతుందని 1883లో లండన్‌లో సిడ్నీ రింగర్ కనిపెట్టారు. గుండెకి రోజూ బియ్యం కావాలి, ఎముక ఆగగలదు. మెడలో థైరాయిడ్ వెనక ఉండే నాలుగు చిన్న పారాథైరాయిడ్ గ్రంథులు ఈ డబ్బాకి కాపలా. వాటిని తీసేస్తే కుక్కలకి కండరాలు కొంకర్లు పోతాయని, కాల్షియం ఇస్తే తగ్గుతాయని 1909లో బాల్టిమోర్‌లో మెకల్లమ్, వేగ్ట్‌లిన్ చూపించారు.

కాపలాదారే గాదె దోచేస్తే? అమెరికన్ ఓడ కెప్టెన్ చార్ల్స్ మార్టెల్‌కి జరిగింది అదే. ఎముకలు మెత్తబడి, విరిగి, మనిషి ఏడంగుళాలు కుంగిపోయాడు. రక్తంలో మాత్రం కాల్షియం పొంగిపొర్లుతోంది! రక్తం ఒక్కటే చూస్తే లోటేమీ లేని మనిషి. 1926లో న్యూయార్క్‌లో జబ్బు గుర్తించి బోస్టన్‌లోని మసాచుసెట్స్ జనరల్ హాస్పిటల్‌కి పంపారు. మెడంతా వెతికారు, గడ్డ దొరకలేదు. ఆయనే అనాటమీ పుస్తకాలు తిరగేసి, ఛాతీలో చూడమని పట్టుబట్టాడట. నాకు ఈ కథలో బాగా నచ్చిన మనిషి ఆ రోగే.

1932లో, ఏడో ఆపరేషన్‌లో, ఛర్చిల్, కోప్ అనే సర్జన్లకి గడ్డ ఛాతీలోనే దొరికింది. దోపిడీ ఆగింది. ఇన్నాళ్ళూ ఖాళీ అయిన ఎముకలు రక్తంలోని కాల్షియాన్ని లాగేసుకోవడం మొదలుపెట్టాయి. అప్పటిదాకా పొంగిన కాల్షియం ఇప్పుడు పడిపోయి కండరాలు బిగుసుకున్నాయి. ఆ పాత రోజుల్లో కిడ్నీలో పేరుకున్న రాళ్ళు కూడా వదల్లేదు. మూత్రనాళంలో అడ్డుపడ్డ రాయికి చికిత్స జరిగాక, గడ్డ దొరికిన కొన్ని వారాలకే ఆయన కన్నుమూశారు.