ఆ గడిలో ఏం రాయమంటారు?

సాయంత్రం ఐదున్నర. గుంటూరు బ్రాడీపేట నాలుగో లైనులో వేపచెట్టు కింద బండికి స్టాండు వేశాను. రండి, ఇక్కణ్ణుంచి నడకే. ఈ పేటలో చిరునామా అంటే రెండంకెలు. 4/14 అంటే నాలుగో లైను, పద్నాలుగో అడ్డరోడ్డు. ఇరవయ్యేళ్ళుగా తిరుగుతున్నాను కాబట్టి అంకె చెబితే చాలు, గేటు నా కళ్ళ ముందుకొస్తుంది. భుజానికి సంచి ఉంది. అందులో బీమా ప్రపోజల్ ఫారాలు, నల్లసిరా పెన్నులు రెండు, కళ్ళద్దాల పెట్టె, మంచినీళ్ళ సీసా. ట్యాబు కూడా ఉందనుకోండి. ఇప్పుడు పనంతా దాంట్లోనే, ఫోనుకు ఓటీపీ వస్తే సంతకం అయిపోయినట్టే. అయినా నేను ముందు కాగితం మీదే రాస్తాను. కాగితమైతే ఇంట్లోవాళ్ళంతా వంగి చూస్తారు. ట్యాబు వెలుగు నా ఒక్కడి మొహం మీదే పడుతుంది.

ఈ పనికి వేళ ఒక్కటే, ఐదున్నర నుంచి ఏడు వరకు. పొద్దున్నే వంటలు, పిల్లల బడి హడావుడి. మధ్యాహ్నం కునుకు. ఏడు దాటితే సీరియళ్ళు. మంగళవారం కొత్త పాలసీ మాట ఎత్తను. రాహుకాలం దాటాక సంతకం పెడతానంటే అరుగు మీద కూర్చుంటాను. పాతికేళ్ళు కట్టబోయేది వాళ్ళు, వేళ కూడా వాళ్ళదే.

మొదటి గేటు. గొళ్ళెం రెండుసార్లు తట్టాను. "ఎవరూ?" అని లోపలినుంచి కేక. వాకిట్లో పొద్దుటి ముగ్గు సగం చెరిగిపోయి ఉంది, అయినా పక్కనుంచే అడుగెయ్యండి. చెప్పులు మెట్టు కింద విడవండి. "ఎల్లైసీ ఆయన వచ్చాడు మామయ్యా" అంటోంది కోడలు. నేను ఏ కంపెనీ తరఫున వచ్చినా ఈ ఊళ్ళో నా పేరు అదే. 1956 సెప్టెంబరు 1న, 245 బీమా సంస్థలనూ ప్రావిడెంట్ సొసైటీలనూ కలిపేసి ఎల్లైసీని పెట్టారు. 2000 తర్వాత ప్రైవేటు కంపెనీలు వరసగా వచ్చాయి. మా వీధుల్లో మాత్రం బీమాకు ఇంకో పేరు పుట్టలేదు.

పెద్దాయన రిటైరైన లెక్కల మాస్టారు. నన్ను చూడగానే బీరువా తెరిచి బాండు తెచ్చారు. నాలుగు మూలలా పసుపు రాసి ఉంది, కాగితం మడతల దగ్గర గుడ్డలా మెత్తబడింది. పట్టుచీరల కింద దాచారేమో, కర్పూరం వాసన వస్తోంది.

"డబ్బులు రెండు నెలల కిందటే బ్యాంకులో పడ్డాయి. ఇంక దీంతో పనేముంది, చింపెయ్యొచ్చా?"

"చింపకండి మాస్టారూ. ఇది జీవన్ ఆనంద్. గడువు తీరి డబ్బు చేతికొచ్చినా బీమా మీ జీవితాంతం ఉంటుంది. తర్వాత అమ్మగారికి అందాల్సింది ఇంకా ఉంది."

ఆయన కళ్ళద్దాలు సవరించుకుని మళ్ళీ మొదటినుంచి చదవడం మొదలుపెట్టారు. ఆ పాలసీ నేను కట్టించింది కాదు, కట్టించినాయన ఎప్పుడో ఊరు మారిపోయాడు. ఈ ఇంట్లో నాకు ఈరోజు దొరికింది గ్లాసెడు మజ్జిగ. అది తాగి "అమ్మగారికి కూడా ఇది చూపించి పెట్టండి" అని మరోసారి చెప్పి లేచాను. ఏజెంటు చేసే పనుల్లో నాకు అన్నిటికన్నా విలువైనదిగా తోచేది ఇదే. బీరువాలో ఏముందో ఆ ఇంటి ఆడమనిషికి తెలిసేలా చెయ్యడం.

రెండోది అపార్టుమెంటు. వాచ్‌మన్ పుస్తకంలో పేరు రాయించుకుని, "ఎవరింటికి?" అని నా సంచిని చూసి, మూడో అంతస్తుకు ఇంటర్‌కం చేశాడు. తలుపు తీసిన కుర్రాడు ఇంటినుంచే ఆఫీసు పని చేసుకుంటున్నాడు. ఒక చెవిలో ఇంకా మీటింగు నడుస్తోంది. నిలబడే అడిగాడు.

"అంకుల్, ఇంకో ఆయన మొదటి ప్రీమియం తనే కడతానన్నాడు. మీరు?"

"కట్టను నాన్నా. 1938 బీమా చట్టంలో 41వ సెక్షన్ చదువు. కమీషన్‌లోంచి అలా వెనక్కివ్వడం నేరం, ఇచ్చినవాడికీ పుచ్చుకున్నవాడికీ."

చట్టం మాట అలా ఉంచండి. మొదటి కిస్తీ ఊరికే వచ్చినవాళ్ళు రెండోది కట్టడం నేను పెద్దగా చూడలేదు. పాలసీ లాప్స్ అవుతుంది, ఏజెంటు కనపడడు. ఈ కుర్రాడు తెలివైనవాడు, విని ఊరుకున్నాడు. టర్మ్ పాలసీ కావాలన్నాడు. 2025 సెప్టెంబరు 22 నుంచి వ్యక్తిగత జీవిత బీమా మీద జీఎస్టీ లేదని కూడా అతనికి తెలుసు. ఫోన్లో తీసుకుంటే చవకట. "తీసుకో, మంచిదే. కాని పాలసీ నంబరు మీ ఆవిడ ఫోన్లోకి పంపు, నామినీ పేరు ఆధార్‌లో ఉన్నట్టే రాయి" అని చెప్పి మెట్లు దిగాను. ఆ వ్యాపారం పోయినందుకు నాకు దిగులు లేదు. ఇరవై ఎనిమిదేళ్ళకే టర్మ్ అడిగేవాళ్ళు పెరగాలి.

ఇప్పుడు బండెక్కండి, సంగడిగుంట వైపు వెళ్దాం. దారిలో ఆటో దిగుతున్న ఆడవాళ్ళను చూడండి. చేతివేళ్ళు ఎర్రగా ఉబ్బి, ముక్కుల మీదినుంచి అప్పుడే దించిన తువ్వాళ్ళు మెడలో. మిరపకాయల తొడాలు తీసే పనినుంచి వస్తున్నారు. వీళ్ళకు నేను పాలసీ అమ్మను. ఏడాదికి 436 రూపాయలతో బ్యాంకులోనే 2 లక్షల జీవన జ్యోతి బీమా ఉంది. 2015లో మొదలైంది, 18 నుంచి 50 ఏళ్ళలోపు వాళ్ళు చేరొచ్చు. అందులో నాకు రూపాయి రాదు. ఎదురుపడినప్పుడల్లా మాత్రం చెబుతాను. ఒకావిడ నన్ను గుర్తుపట్టి, "చేరానయ్యా, మే నెలలో డబ్బులు కోసుకున్నారు" అంది. ఖాతాలో ఆ 436 ఉంచమ్మా, లేకపోతే జూన్ 1 నుంచి బీమా ఉండదని మళ్ళీ గుర్తు చేశాను.

ఆరున్నర కావస్తోంది. ఈ సందులో మూడో వాటా. ఈ ఇంటికి ఇది నాలుగోసారి రావడం. మొదటిసారి తలుపు దగ్గరే "మాకొద్దండీ" అన్నారు. రెండోసారి ఆయన లేడు. మూడోసారి కుర్చీ వేశారు. ఆయన మిర్చియార్డులో కమీషన్ కొట్టు గుమాస్తా, నలభై ఒక్కేళ్ళు. ఇప్పుడే వచ్చి బనీనుతోనే కూర్చున్నాడు. విప్పిన చొక్కా కొక్కేనికి వేలాడుతోంది, దాన్నుంచి తేజ కాయ ఘాటు. నేను తుమ్మాను, మీరూ తుమ్ముతారు, మొహమాటపడకండి. ఫిబ్రవరి, మార్చి నెలల్లో ఈ ఇంట్లో పిల్లలు కూడా తుమ్ముతూనే చదువుకుంటారు.

ఆవిడ తలుపు చాటున నిలబడింది. నేను "జరగరానిది జరిగితే" అని ఎత్తుకున్నానో లేదో, "సంజెవేళ ఆ మాటలెందుకు అన్నయ్యగారూ" అంది. నిజమే. ఆగాను. ఆవిడ దేవుడి గూట్లో దీపం వెలిగించి, అగ్గిపుల్ల ఊదకుండా చేత్తో విసిరి ఆర్పి, మళ్ళీ వచ్చి నిలబడేదాకా ఎవరమూ మాట్లాడలేదు. చావు అన్న మాట అనకుండా దాని గురించి గంటసేపు మాట్లాడటమే ఈ వృత్తి. మన భాష అందుకు సాయం చేస్తుంది. మనం ఉన్నా లేకపోయినా అంటాం, కాలం కలిసిరాకపోతే అంటాం. ఇరవయ్యేళ్ళయినా ఆ చోటికి వచ్చేసరికి నా గొంతు కొంచెం తగ్గుతుంది. తగ్గాలి కూడా.

"మాస్టారూ, చివరికి డబ్బులు తిరిగొస్తాయా?" ఆయన మొదటి ప్రశ్న. అందరిదీ అదే. టర్మ్ అయితే మీరు చల్లగా ఉన్నంతకాలం ఏమీ రాదని చెప్పాను. ఆయన మొహం చిన్నబోయింది. "ఊరికే పోతాయా మరి?" బండికి కట్టే ఇన్సూరెన్సు ఏడాదికేడాది ఊరికే పోవడం లేదా అని అడిగాను. పొదుపు కలిపిన పాలసీకి అంతే డబ్బు కడితే ఇంటికి దక్కే రక్షణ చాలా చిన్నదవుతుంది. ఇద్దరు పిల్లలు, అద్దె ఇల్లు, ఒక్క జీతం. నా కమీషన్ ఏది కడితే ఎక్కువో నాకు తెలుసు. ఈ ఇంటికి ఏది కావాలో కూడా తెలుసు. లెక్క కాగితం మీద రెండూ పక్కపక్కన వేసి ఇచ్చాను. ఆయన వేలితో గీత వెంట పోతూ మూడుసార్లు చూసి, "సరే, టర్మే రాయండి" అన్నాడు.

ఫారం తెరిచాను. పేరు, పుట్టిన తేదీ, పని, ఆదాయం. టీ వచ్చింది, రెండు గ్లాసులు. ఆవిడ ఒకటి చూసుకుని నా ముందు పెట్టింది, రెండోది ఆయన ముందు. ఆరోగ్యం గడులు వచ్చాయి. గుండె జబ్బు ఉందా, బీపీ ఉందా, షుగరు ఉందా.

"అన్నీ లేదు, లేదు, లేదు అని కొట్టుకుంటూ పోండి మాస్టారూ."

నా గ్లాసు ఒక గుక్క తాగాను. చక్కెర దండిగా ఉంది. ఆయన గ్లాసు రంగు వేరు, వేరే గిన్నెలో కాచింది. ఆవిడ ఇందాక రెండు గ్లాసుల్నీ చూసుకుని మరీ పెట్టింది.

"చెల్లెమ్మా, ఆయన టీలో చక్కెర వెయ్యలేదేం?"

ఎవరూ పలకలేదు. ఫ్యాను తిరుగుతున్న చప్పుడు. ఆయన గోడవైపు చూశాడు. ఆవిడ నన్ను చూడలేదు, ఆయన్నే చూసింది. పెన్ను మూత పెట్టేశాను.

ఈ గడి దగ్గరికి వచ్చేసరికి నాకు ఇంకో ఇల్లు గుర్తొస్తుంది. నేను వృత్తిలోకి వచ్చిన కొత్త. ఒక దర్జీ. బీపీ మాత్రలు వేసుకుంటున్నానని చెప్పాడు. ఉందని రాస్తే మెడికల్ అంటారు, ఆలస్యమవుతుంది, అది మార్చి నెల, నా టార్గెట్‌కు ఒక్క పాలసీ తక్కువ. "ఏం కాదులే" అని నేనే "లేదు" అని రాశాను. పద్నాలుగో నెలలో ఆయన పోయాడు. ఎంక్వైరీలో ఆస్పత్రి చీటీలు దొరికాయి. క్లెయిమ్ రాలేదు, కట్టిన డబ్బు కూడా రాలేదు. ఆయన భార్య నన్ను తిట్టలేదు. "మీరే కదండీ రాసింది" అంది, అంతే. ఆ ఇంట్లో కుట్టుమిషను మీద సగం కుట్టిన చొక్కా ఒకటి అలాగే ఉంది, సూది దిగి ఉంది. ఆ తప్పు నాది. ఆ వీధిలోకి ఇప్పటికీ వెళ్తాను. ఆవిడ పెద్దపిల్ల చదువుకు చేతనైనంత కట్టాను. దాంతో అది తీరిందని నేను అనుకోను.

ఆ కథ ఈయనకు చెప్పాను, ఇంతే మాటల్లో. అప్పట్లో పాలసీని ప్రశ్నించే గడువు రెండేళ్ళు, 2015 నుంచి 45వ సెక్షన్ కింద మూడేళ్ళు. ఆ లోపల ఏదైనా జరిగితే ఈ కాగితం మీద ప్రతి గడినీ మళ్ళీ చదువుతారు. మూడేళ్ళు దాటాక ఏ కారణంతోనూ కాదనడానికి లేదు.

"షుగరుందని రాస్తే ఇస్తారా?"

"పరీక్షలు చేయిస్తారు. ప్రీమియం కొంత పెంచొచ్చు. ఒక్కోసారి కుదరదనీ అనొచ్చు. అప్పుడు ఇంకో దారి చూద్దాం. ఇచ్చారంటే మాత్రం అది నిలబడే పాలసీ."

ఆయన టీ గ్లాసు చేత్తో గుండ్రంగా తిప్పుతూ కూర్చున్నాడు. లోపలినుంచి ఆవిడ ఒక ప్లాస్టిక్ కవరు తెచ్చి ఆయన పక్కన పెట్టింది. మాత్రల అట్టలు, రక్తపరీక్ష కాగితాలు, రెండేళ్ళవి. "రాయండి" అన్నాడాయన. నేను "ఉంది" అని రాశాను, ఎప్పటినుంచో, ఏ మాత్రో కూడా.

ఇంక ఒకటే మిగిలింది. "నామినీగా మా అన్నయ్య పేరు రాయండి. డబ్బు వ్యవహారాలు దీనికి తెలియవు."

ఆవిడ కదలలేదు. ఆయనకు అప్పులున్న సంగతి నాకు తెలుసు. సీజన్‌లో వడ్డీకి తెచ్చి సొంతంగా పాతిక టిక్కీల మిరపకాయలు కొని కోల్డ్ స్టోరేజీలో పెడతాడు. ధర వస్తే ఒడ్డున పడతాడు, రాకపోతే ఆ ఏడాదికి వడ్డీయే మిగులుతుంది. అందుకే ఆయనకు 1874 నాటి వివాహిత స్త్రీల ఆస్తి చట్టం గురించి చెప్పాను. ఆ చట్టం కింద భార్య పేర, పిల్లల పేర రాస్తే ఆ డబ్బు అచ్చంగా వాళ్ళదే. అప్పులవాళ్ళు అడగడానికి లేదు, అన్నదమ్ములు అడగడానికి లేదు. రేపు మీరే మనసు మార్చుకున్నా వెనక్కి తీసుకోలేరు. ఇప్పుడు రాయకపోతే తర్వాత రాయడానికి వీల్లేదు.

"నేను కూడా తీసుకోలేనా?"

"మీరు కూడా."

చాలాసేపు ఆలోచించాడు. బయట ఎవరో బండి స్టార్టు చేసుకుని వెళ్ళిపోయారు. పక్క వాటాలో సీరియల్ పాట మొదలైంది. "దాని పేరే రాయండి. పిల్లలవి కూడా" అన్నాడు, గొంతు సవరించుకుని.

"చెల్లెమ్మా, ఆధార్ తీసుకురామ్మా. ఇంట్లో పిలిచే పేరు కాదు, అందులో ఉన్నట్టే కావాలి."

ఆవిడ గబగబా లోపలికి వెళ్ళింది. డబ్బాల మూతలు తీసి పెడుతున్న చప్పుడు. బియ్యం డబ్బాలోంచి తీసిందేమో, కార్డు మీద తెల్లటి పొడి ఉంది. కొంగుతో తుడిచి ఇచ్చింది. ఇన్నిసార్లు వచ్చినా ఎప్పుడూ మా ఎదుట కూర్చోని మనిషి, ఇప్పుడు వచ్చి ఆయన పక్కన చాప మీద కూర్చుంది. నేను ఒక్కో గడిలో ఒక్కో ఇంగ్లీషు అక్షరం రాస్తుంటే పెదాలు కదుపుతూ లెక్కపెట్టుకుంటోంది. పన్నెండో గడి దగ్గర చెయ్యి అడ్డం పెట్టింది.

"అన్నయ్యగారూ, ఇక్కడ ఒక 'ఏ' తక్కువైంది."

కార్డు దగ్గరగా పెట్టుకుని చూశాను. తక్కువైంది. కొట్టేసి పైన మళ్ళీ రాశాను. కొట్టివేత దగ్గర ఆయన సంతకం కావాలి. పెన్ను ఆయన చేతికిచ్చాను.