బళ్ళారిలో ఒక రాత్రి ఆగిన విమానం

బళ్ళారి పేరు వినగానే ఏకశిలపై నిలిచిన కోట, నల్లరేగడి ప్రత్తి చేలు, బళ్ళారి రాఘవగారి నాటక కళ స్ఫురిస్తాయి. విమానం స్ఫురించదు. కాని టాటా విమాన తపాలా సర్వీసు తొలి ప్రయాణంలో ఈ పట్టణానికి ఒక రాత్రి పాలు ఉన్నది. 1932 అక్టోబరు 15వ తేదీ ఉదయం శ్రీ జె.ఆర్.డి. టాటా ఒంటరిగా ఒక చిన్న పుస్ మోత్ విమానంలో తపాలా సంచులతో కరాచీ నుండి బయలుదేరి, అహమ్మదాబాదు మీదుగా మధ్యాహ్నానికి బొంబాయిలోని జుహూ చేరుకున్నారు. అక్కడ నుండి నెవిల్ విన్సెంట్ అనే దక్షిణాఫ్రికా దేశస్థుడు ఆ సంచులను అందుకొని బళ్ళారి వరకు వచ్చి, రాత్రి ఇక్కడ విశ్రమించి, మరునాడు మద్రాసు చేరినాడు. రాత్రివేళ దారి చూపే సాధనాలు లేని కాలమది. చీకటి పడకముందే నేల దిగవలసినదే. నాటికి బళ్ళారి మద్రాసు రాజధానిలోని జిల్లా. 1953లో గాని మైసూరు రాష్ట్రంలో చేరలేదు. తరువాత ఈ మార్గంలో బళ్ళారికి బదులు హైదరాబాదు మజిలీ అయినది.

ఈ సర్వీసు ఒక వ్యాపార సంస్థ లెక్కల పుస్తకాలలో పుట్టినది కాదు. ముచ్చటకు ఎగిరేవారి మధ్య పుట్టినది. 1928-29 ప్రాంతాలలో ఢిల్లీ, బొంబాయి మొదలైన నగరాలలో ప్రభుత్వ సహాయంతో ఫ్లయింగ్ క్లబ్బులు వెలసినాయి. బొంబాయి క్లబ్బులో విమానం నడపడం నేర్చిన టాటాగారికి 1929 ఫిబ్రవరి 10న లైసెన్సు లభించినది. దాని సంఖ్య 1. అప్పటికి ఆయన వయస్సు 24 ఏళ్ళు. జీతం కోసం నేర్చిన విద్య కాదది. ఇక విన్సెంట్ బ్రిటిష్ వైమానిక దళంలో పనిచేసి, అనంతరం భారతదేశానికి వచ్చి, పాత యుద్ధ విమానాలతో ఊరూరా తిరిగి, తిరునాళ్ళలో రంగులరాట్నం ఎక్కించినట్లు, రుసుము తీసుకొని జనాన్ని ఆకాశంలో త్రిప్పినవాడు. తపాలా ఆలోచనను టాటాగారి ముందుంచినది ఆయనే.

ఆ తరం వారి స్వభావం తెలియడానికి 1930 నాటి ఒక సంఘటన చాలు. ఇంగ్లండు, ఇండియాల మధ్య ఒంటరిగా ఎగిరే తొలి భారతీయునికి ఆగాఖాన్ 500 పౌన్ల బహుమతి ప్రకటించారు. మన్‌మోహన్ సింగ్, ఆస్పీ ఇంజనీర్, జె.ఆర్.డి. టాటా ముగ్గురూ పోటీకి దిగారు. టాటాగారు కరాచీ నుండి పడమటికి, ఆస్పీ ఇంగ్లండు నుండి తూర్పుకు వస్తూ ఈజిప్టులోని అబూకిర్‌లో కలుసుకున్నారు. ఆస్పీకి అప్పుడు 17 ఏళ్ళు. స్పార్కు ప్లగ్గులు లేక అతని ప్రయాణం అక్కడ నిలిచిపోయినది. ప్రత్యర్థి అయిన టాటాగారు తన వద్ద అదనంగా ఉన్న ప్లగ్గులు అతనికిచ్చి పంపించారు. బహుమతి ఆస్పీకే దక్కినది. ఆ బాలుడే 1960లో భారత వైమానిక దళాధిపతి అయినాడు. ఓడినవారి పేరు ఇంత గౌరవంగా నిలిచిన పందేలు చరిత్రలో అరుదు.

క్లబ్బుల తలుపు స్త్రీలకు కూడ తెరచుకున్నది. 1936లో లాహోరులో శ్రీమతి సరళా ఠక్రాల్ 21 ఏళ్ళ ప్రాయంలో చీర కట్టుకొని జిప్సీ మోత్ విమానాన్ని ఒంటరిగా నడిపారు. 1947లో వాణిజ్య లైసెన్సు పొందిన ప్రేమ్ మాథుర్‌కు స్త్రీ అన్న కారణంగా అనేక సంస్థలు ఉద్యోగం నిరాకరించగా, హైదరాబాదు కేంద్రంగా గల దక్కన్ ఎయిర్‌వేస్ అవకాశమిచ్చినది. ఆమె 1949లో జాతీయ విమాన పందెంలో విజేత కూడ అయినారు.

స్వాతంత్ర్యానంతరం క్లబ్బులకు స్వదేశీ విమానం కావలసి వచ్చినది. బెంగుళూరులోని హిందుస్థాన్ కర్మాగారం వి.ఎం. ఘాట్గే నేతృత్వంలో రూపొందించిన ‘పుష్పక్’ 1958 సెప్టెంబరు 28న తొలిసారి ఎగిరినది. ప్రక్క ప్రక్కనే రెండు ఆసనాలు, గుడ్డ తొడిగిన దేహం, 90 అశ్వశక్తి ఇంజను. గురువు ప్రక్కన కూర్చొని అతని చేతుల కదలికను చూస్తూ నేర్చుకొనే ఏర్పాటు అది. నూట యాభైకి పైగా తయారై దేశమంతటా క్లబ్బులకు చేరినాయి. ఒక తరం పైలట్లకు ఓనమాలు దిద్దించినది ఈ పుష్పకమే.

అటు తరువాత కథ అంత ఉల్లాసకరం కాదు. పెట్రోలు ధర పెరిగినది, పాత యంత్రాలకు విడిభాగాలు కరవైనవి, పట్టణాలు పెరిగి చిన్న విమానక్షేత్రాలను చుట్టుముట్టినవి. క్లబ్బులలో చేరేవారిలో అధికులు ఉద్యోగానికి కావలసిన గంటలు కూడబెట్టుకొనేవారే అయినారు. అందులో తప్పు లేదు. కాని ఆదివారం ఉదయం ఊరి చుట్టూ ఒక ప్రదక్షిణ చేసి వచ్చి, గట్టున నిలిచిన కుర్రవానిని “ఎక్కుతావా?” అని అడిగే మనుషులు తగ్గిపోయినారు. ఎగరడం బ్రతుకుతెరువు మాత్రమే అయినచోట అలా అడిగే తీరిక ఎవరికీ ఉండదు.

ఈ లోటును గుర్తించినవారిలో టాటాగారే ఒకరు. 1962లో ఒకసారి, మరల 1982 అక్టోబరు 15న, తన 78వ ఏట, లెపర్డ్ మోత్ అనే పాత విమానంలో కరాచీ నుండి బొంబాయికి ఎగిరి తొలి ప్రయాణాన్ని పునరావృతం చేశారు. యువతలో కొంత ఆశను, ఉత్సాహాన్ని రేకెత్తించడమే తన ఉద్దేశమని జుహూలో దిగిన పిమ్మట చెప్పారు. ఆ ప్రయాణం జుహూతోనే ముగిసినది. బళ్ళారి అంచె దానిలో లేదు.

ద్వారం మాత్రం మూతపడలేదు. పదవ తరగతి ఉత్తీర్ణులై 16 ఏళ్ళు నిండినవారు శిక్షణార్థి లైసెన్సుకు అర్హులు. 17 ఏళ్ళు నిండి, 40 గంటల ప్రయాణం పూర్తిచేసి, వైద్య పరీక్షలోను, వ్రాత పరీక్షలలోను నెగ్గినవారికి ప్రైవేటు పైలట్ లైసెన్సు లభిస్తుంది. ఎన్.సి.సి. వైమానిక విభాగంలో చేరిన విద్యార్థులకు మైక్రోలైట్ అనే తేలిక విమానంలో ఎగిరే అవకాశం కూడ కలదు. రేడియోలో సంభాషణ ఆంగ్లంలో సాగుతుంది గనుక తెలుగు మాధ్యమంలో చదివినవారికి ఇది అదనపు మెట్టే. అయినా సాధనతో ఎక్కగలిగినది. డబ్బు మెట్టు మాత్రం మధ్యతరగతి కుటుంబానికి నేటికీ చాలా ఎత్తుగానే ఉన్నది.