పాట పాడైందని ఫైలే చెప్తుందా?

లాస్‌లెస్ పాట అంటే ఒక్క బిట్ కూడా పోని పాట అని మనకి తెలుసు. ఈరోజు నా ప్రశ్న ఒక్కటే. పోలేదని సాక్ష్యం ఎవరు చెప్పాలి?

ఈ కథ పాటలతో మొదలవ్వలేదు. 1940ల్లో అమెరికాలోని బెల్ ల్యాబ్స్‌లో రిచర్డ్ హామింగ్ అనే గణిత శాస్త్రవేత్త ఉండేవాడు. శని, ఆదివారాల్లో అక్కడి రిలే కంప్యూటర్‌కి లెక్కలు అప్పజెప్పి వెళ్లేవాడు. మధ్యలో తప్పు దొర్లితే మెషిన్ పట్టుకునేది, కానీ ఆ లెక్క వదిలేసి తర్వాతి పనికి వెళ్లిపోయేది. సోమవారం వచ్చి చూస్తే జవాబు ఉండేది కాదు. తప్పుందని తెలిసిన మెషిన్, అదెక్కడుందో వెతికి ఎందుకు దిద్దుకోలేదు? ఆ చిరాకులోంచి పుట్టిందే 1950 నాటి హామింగ్ కోడ్.

1960లో రీడ్, సాలమన్ అనే ఇద్దరు ఇంకో బలమైన పద్ధతి ఇచ్చారు. 1982లో మార్కెట్‌కొచ్చిన సీడీ దాన్నే వాడుకుంది. గీతలు పడ్డ సీడీ కూడా పాడేది అందుకే. గీత మరీ పెద్దదైతే, పోయిన చోటుని ప్లేయర్ పక్క శబ్దాల్ని బట్టి అంచనా వేసి పూడ్చేస్తుంది. వినేవాళ్లకి తెలియనే తెలియదు.

ఫ్లాక్ దారి వేరు. జాష్ కోల్సన్ తయారుచేసిన ఈ ఫార్మాట్ 1.0 వెర్షన్ 2001లో వచ్చింది. ఇందులో పాటని ఫ్రేములుగా కోసి, ఒక్కో ఫ్రేము చివర 16 బిట్ల సీఆర్‌సీ అనే తనిఖీ అంకె పెడతారు. ఫైల్ మొదట్లో, మొత్తం అసలు ఆడియోకి కట్టిన 128 బిట్ల ఎండీ5 లెక్క మామూలుగా ఉంటుంది. ఆ లెక్క శబ్దానికే కాబట్టి, పాట పేరో కవర్ ఫొటోనో మార్చినా మారదు. శబ్దంలో ఒక్క బిట్ తేడా వస్తే మాత్రం లెక్క కలవదు. 2004లో చైనా పరిశోధకులు ఎండీ5ని ఛేదించారు, నిజమే. కావాలని మోసం చేసేవాణ్ణి అది ఆపలేదు. కార్డు పాతబడి జరిగే నష్టాన్ని పట్టుకోడానికి ఇప్పటికీ చాలు.

అసలు మెలిక ఇక్కడుంది. ఫ్లాక్ తప్పుందని చెప్తుంది, దిద్దదు. మన పద్యాల్లాగే అన్నమాట. తాటాకు మీద రాసేవాడు ఒక అక్షరం వదిలేస్తే గణం తప్పి దొరికిపోతాడు. కానీ పోయిన అక్షరం ఏదో గణం చెప్పదు. అందుకే సి.పి. బ్రౌన్ ఒకే గ్రంథానికి చాలా ప్రతులు సేకరించి, పండితుల చేత పోల్చి చూపించాడు.

మీ దగ్గర తాతయ్య గొంతు క్యాసెట్ నుంచి ఎక్కించిన ఫ్లాక్ ఫైల్ ఉందనుకోండి. రెండు చోట్ల దాచండి. బ్యాకప్ తీసే ముందే, కంప్యూటర్‌లో ఫ్లాక్ ప్రోగ్రాంలోని టెస్ట్ నడపండి. లేదంటే పాడైన ఫైలే వెళ్లి, బాగున్నదాన్ని చెరిపి కూర్చుంటుంది. అప్పుడు ఎండీ5 సాక్ష్యం చెప్తుంది గానీ, గొంతు తిరిగి రాదు.

వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం.