పొరుగూరి మైదానమున దక్కిన ఒక్క పాయింటు

ఎదుటివారి ఊరికి పోయి, 90 నిమిషములు ఆడి, ఒక్క గోలైనను వేయక, ఒక్కటియు వేయించుకొనక మరలివచ్చిన తమ జట్టును చూచి నేటి ఇంగ్లండు ఫుట్‌బాల్ అభిమాని పొందు నిరుత్సాహమునకు ఒక చరిత్ర కలదు. రిఫరీ కడపటి ఈల ఊదినంతనే, మైదానములో తమకు కేటాయించిన మూలన గుమిగూడిన ఆ రెండు మూడు వేలమంది చప్పట్లు చరచుటయో, ఛీకొట్టుటయో తేల్చుకొనజాలక కొంతసేపు నిలిచిపోవుదురు. కొందరు ఓడిపోలేదుకదా యని మనస్సును సరిపెట్టుకొందురు. పెక్కురు మాత్రము చేజారిన రెండు పాయింట్లను తలచి తలచి వగచుచు ఇంటిదారి పట్టుదురు. ఈ వగపు ఆటతోపాటు పుట్టినదని తలంచువారు కలరు గాని, వారి తాతలు ఇదే ఫలితమును తృప్తితోను, ఒక్కొక్కపుడు ఉత్సవముగను స్వీకరించిరి. గోలుస్తంభముల నడిమి దూరము నాడును నేడును ఒక్కటియే. ఫలితమును వెలకట్టు లెక్క మాత్రము వేరైనది.

ఆ లెక్క పుట్టుక 1888వ సంవత్సరమునందు. స్కాట్లండునుండి వచ్చి బర్మింగ్‌హాము నగరమున బట్టల దుకాణము పెట్టుకొనిన విలియం మెక్‌గ్రెగర్ అను పెద్దమనిషి ఆస్టన్ విల్లా క్లబ్బు వ్యవహారములు చూచుచుండెను. ఆటగాండ్రకు జీతములిచ్చుట 1885లో న్యాయసమ్మతమైనది మొదలు క్లబ్బులకు వారము వారము వ్యయము తప్పనిదయ్యెను. ఆదాయమునకో స్థిరత్వము లేకపోయెను. స్నేహపూర్వకముగా ఏర్పాటుచేసికొనిన పోటీకి వత్తుమన్న జట్టు, కప్పు పోటీ అడ్డువచ్చినదనియో, అంతకంటె లాభకరమైన పిలుపు దొరకినదనియో రాక మానుచుండగా, రుసుము చెల్లింపవచ్చిన ప్రేక్షకులు విసిగి వెడలిపోవుచుండిరి. దీనికి ప్రతిక్రియగా మెక్‌గ్రెగర్ ఆ యేటి మార్చి 2వ తేదీన కొన్ని క్లబ్బులకు లేఖ వ్రాసి, ప్రతి జట్టును తక్కిన ప్రతి జట్టుతో తన మైదానమున ఒకమారును, వారి మైదానమున ఒకమారును తప్పక ఆడవలెనని ప్రతిపాదించెను. పండ్రెండు క్లబ్బులు సమ్మతించినవి. ఆరు లాంకషైరు సీమవి, ఆరు మధ్యసీమలవి. సెప్టెంబరు 8న ఆట మొదలయ్యెను. పరస్థలమున ఆడుట అంతకుమున్ను ఇష్టాయిష్టములకు సంబంధించిన విషయము. ఆనాటినుండి అది విధి.

విచిత్రమేమనగా, ఆట మొదలైనను గెలుపునకెంత, సమాన ఫలితమునకెంత యను నిర్ణయము ఇంకను జరుగలేదు. విజయములను మాత్రమే గణింపవలెనను వాదమును కాదని, గెలుపునకు రెండు పాయింట్లు, డ్రాకు ఒకటి చొప్పున నవంబరు నెలలో తీర్మానించిరి. ఆ మొదటి యేట ప్రెస్టన్ నార్త్ ఎండ్ జట్టు 22 ఆటలలో 18 గెలిచి, 4 సమముగా ముగించి, ఒక్కటియు ఓడక 40 పాయింట్లతో అగ్రస్థానమందెను. ఓడకుండుట గెలుచుటలో సగమను భావము ఆవిధముగా శాసనరూపము దాల్చి, 93 సంవత్సరముల పర్యంతము చెక్కుచెదరక నిలిచినది. మన హైదరాబాదు సిటీ పోలీసు జట్టు 1950 మొదలు 1954 వరకు వరుసగా ఐదేండ్లు బొంబాయిలో రోవర్స్ కప్పును గెలుచుకొనిన కాలమునందు మనవారెరిగిన ఫుట్‌బాలు ప్రధానముగా కప్పు పోటీల ఫుట్‌బాలు. అందు సమాన ఫలితము తాత్కాలికము, ఎవరో యొకరు నిష్క్రమించువరకు ఆట తీరదు. లీగునందట్లు కాదు. అక్కడ డ్రా అను ఫలితము పట్టికలో శాశ్వతముగా నిలిచిపోవును.

జట్టు వెంట ప్రయాణము చేయు అభిమాని ఆ తొలినాళ్లలో మిక్కిలి అరుదు. నూలుమిల్లులలో శనివారము మధ్యాహ్నము దాక పనిచేసి, మూడు గంటల ఆటకు ఊరి మైదానమునకు పరుగెత్తు కూలివానికి, బ్లాక్‌బర్న్ నుండి బర్న్‌లీ వంటి చేరువ పట్టణమునకు రైలులో పోవుట సాధ్యమే గాని, దూరప్రయాణమునకు కాలమును లేదు, ధనమును లేదు. కప్పు తుదిపోటీ వంటి మహాసందర్భమున మాత్రము వారు కూడబెట్టుకొనిన సొమ్ముతో కదలివచ్చుచుండిరి. 1884లో బ్లాక్‌బర్న్ రోవర్స్ జట్టు వెంట లండనునకు దిగిన ఉత్తరాది శ్రామికుల వేషభాషలను చూచి రాజధాని పత్రికయొకటి అనాగరికుల దండు వచ్చిపడినట్లు వర్ణించెను. వారమంతయు మిల్లులో నిలిచి పనిచేసి, రాత్రియంతయు రైలులో కూర్చుండి వచ్చిన ఆ జనులలో నాకు కన్పట్టునది వేరు: తమ ఊరిపేరు మోయు పదునొకండుగురిని పరాయిచోట ఒంటరులుగా విడువరాదను పట్టుదల.

ఊరిలో మిగిలినవారికి వార్తయే ఆధారము. విలేఖరులు మైదానమునుండి పావురముల కాలికి ఫలితమును కట్టి పంపిన దినములు కలవు. పిదప తంతివార్తలు, వాని వెనుక శనివారము సాయంకాలమే గులాబిరంగు, ఆకుపచ్చరంగు కాగితములమీద అచ్చై వీథులలో అమ్ముడుపోవు క్రీడాపత్రికలు వచ్చినవి. 1927 జనవరి 22న బి.బి.సి. ఇంగ్లండులో మొట్టమొదటిసారి ఫుట్‌బాల్ పోటీని రేడియోలో ప్రత్యక్షముగా వినిపించినది. లండనులోని హైబరీ మైదానమున ఆర్సెనల్ జట్టుతో షెఫీల్డ్ యునైటెడ్ ఆడిన ఆట అది; చెరియొక గోలుతో ముగిసినది. బంతి యెచ్చటనున్నదో శ్రోత ఊహించుకొనుటకై మైదానమును గడులుగా విభజించి, వానికి సంఖ్యలు వేసిన పటమును రేడియో పత్రికలో ముందుగా ప్రకటించిరి. రేడియోముఖమున వినబడిన తొలి లీగు ఆటయే పరస్థలమున దక్కిన డ్రా యగుట నాకెంతో అర్థవంతముగా తోచును. షెఫీల్డువారు ఆనాడు తెచ్చుకొనిన ఒక్క పాయింటును తక్కువగా ఎంచవలసిన కారణము వారికేమియు లేదు.

డ్రాకు మరియొక ఆదరమును కలదు. 1923లో జాన్ మూర్స్ లివర్‌పూల్‌నందు స్థాపించిన లిటిల్‌వుడ్స్ సంస్థ మొదలైనవారు నడిపిన ఫుట్‌బాల్ పూల్స్ పందెములలో, రెండవ ప్రపంచయుద్ధానంతరము ప్రజాదరణ పొందిన పద్ధతి ప్రకారము, ఎనిమిది సమాన ఫలితములను సరిగా ఊహించినవానికే పెద్ద బహుమతి దక్కుచుండెను. లక్షలాది గృహములలో శనివారము సాయంకాలము ఐదు గంటలకు రేడియో ముందు కాగితము, పెన్సిలు పట్టుకొని కూర్చుండినవారు డ్రాల కొరకే దేవుని వేడుకొనిరి. ఆ ఫలితములను సుమారు నలుబది సంవత్సరములు, 2013 వరకు, చదివి వినిపించిన జేమ్స్ అలెగ్జాండర్ గార్డన్ కంఠస్వరపు ఆరోహణావరోహణములను బట్టి, రెండవ జట్టు పేరు పూర్తిగాకముందే అది గెలుపో, ఓటమియో, సమమో శ్రోతలు గ్రహించెడివారు.

ఇక లెక్క సంగతి. నలుబదిరెండు ఆటల లీగులో స్వస్థలమున ఆడు 21 ఆటలును గెలిచి, పరస్థలమున ఆడు 21 ఆటలును సమముగా ముగించిన జట్టునకు పాత విధానమున 63 పాయింట్లు వచ్చును. 1967లో మాంచెస్టర్ యునైటెడ్ 60 పాయింట్లతో, 1968లో మాంచెస్టర్ సిటీ 58తో, 1975లో డెర్బీ కౌంటీ కేవలము 53తో ఛాంపియనులైనవి. కావున ఇంట గెలువుము, బయట ఓడకుము అను నీతిలో పిరికితనమేమియు లేదు. కిరీటమునకు అదియే రాజమార్గము. పరస్థలమున రక్షణవరుసను దట్టముచేసి, ఆట వేగమును చంపి, గోలు లేని ముగింపును సాధించిన శిక్షకుని అభిమానులు దూషింపలేదు.

1969 ఏప్రిల్ 28, సోమవారము రాత్రి లివర్‌పూల్‌లోని ఆన్‌ఫీల్డ్ మైదానమున జరిగినది ఇచట వివరముగా చెప్పదగినది. డాన్ రెవీ శిక్షణలోని లీడ్స్ యునైటెడ్, తన్ను అందుకొనగల ఏకైక ప్రత్యర్థియైన లివర్‌పూల్‌ను వారి గడపలోనే ఎదుర్కొనెను. ఓడకున్న చాలును, తొలిసారిగా లీగు కిరీటము లీడ్సునకు దక్కును. యాభై వేలకు పైబడిన జనము నడుమ లీడ్సువారు గోడకట్టి నిలిచిరి. ఇరువురికిని గోలు లేదు. ఆట ముగిసినపిమ్మట రెవీ తన ఆటగాండ్రను, ఇంగ్లండులోకెల్ల ఉద్ధతమని పేరుపొందిన కాప్ అను లివర్‌పూల్ అభిమానుల నిలుచు మెట్లవైపునకు పొమ్మనెను. బిక్కుబిక్కుమనుచు పోయిన ఆటగాండ్రకు అచట లభించినది దూషణ కాదు; ఆ జనసముద్రము వారిని ఛాంపియనులని ఎలుగెత్తి కీర్తించినది. తమ ఆశను హరించిన ఫలితమును, ఆ ఫలితమును సాధించిన పరాయివారిని ఒకే క్షణమున గౌరవింపగలిగిన ఆ ప్రేక్షకులను తలచినపుడెల్ల నాకు ఆ ఆటపై భక్తి కలుగును. లీడ్సు ఆ యేట 27 గెలిచి, 13 సమముచేసి, రెండు మాత్రమే ఓడి, 67 పాయింట్లు పొందెను.

తొమ్మిదేండ్ల తరువాత, 1978 ఏప్రిల్ 22న, బ్రయన్ క్లఫ్ జట్టైన నాటింగ్‌హామ్ ఫారెస్ట్ సైతము కవెంట్రీ మైదానమున గోలు లేని డ్రాతోనే, పీటర్ షిల్టన్ అను గోలుకీపరు చేసిన అద్భుతరక్షణతో, కిరీటమును ఖాయము చేసికొనెను. ఆ కవెంట్రీ క్లబ్బు నిర్వహణము నాడు జిమ్మీ హిల్ చేతిలో నుండెను. అతని కథకు పోవుటకు ముందు నార్విచ్ సిటీ అభిమానులను స్మరింపక తప్పదు.

నార్విచ్ నగరము ఇంగ్లండు తూర్పు అంచున నున్నది. నేటికిని ఆ జిల్లాకు మోటారువే అను వేగమార్గము లేదు. అచటినుండి లివర్‌పూల్ పోవలెనన్న దీవిని ఈ కొననుండి ఆ కొనకు దాటవలెను. జాన్ బాండ్ శిక్షకుడుగా, 1966 ప్రపంచకప్పు వీరుడు మార్టిన్ పీటర్స్ ఆటగాడుగా, 1978-79లో ఆ జట్టు 42 ఆటలలో 23 సమముగా ముగించెను. అందు 13 పరస్థలములవి. తక్కిన ఎనిమిది పరస్థల పోటీలును ఓడిపోయినవి. అనగా ఆ యేడాది జట్టు వెంట నడచిన విశ్వాసి ఒక్క విజయమునైనను కన్నులజూడలేదు. అయినను జట్టు 37 పాయింట్లతో పదునారవ స్థానమున నిలిచి, పైతరగతిలోనే కొనసాగెను. గోలు తరువాత గోలును సమముచేసికొనుచు, రాత్రివేళ ఇరుకుబాటల వెంట ఇల్లుచేరిన ఆ జనులకు ఒక్కొక్క డ్రాయును ఉప్పునకు, పప్పునకు చాలిన దినకూలి వంటిది. దానితోనే సంవత్సరము గడచినది. పాత లెక్కలో నార్విచ్ పొందినది సాధ్యమైన పాయింట్లలో నూటికి 44 వంతులు. నేటి లెక్కలో అవే ఫలితములకు 35 వంతులే దక్కెడివి.

జిమ్మీ హిల్ ఫుల్‌హాము క్లబ్బులో ఆటగాడు. వృత్తి ఆటగాండ్ర సంఘమునకు నాయకుడై, వారమునకు 20 పౌన్లకు మించి జీతమీయరాదను నిబంధనను 1961లో తొలగింపజేసెను. పిదప కవెంట్రీకి శిక్షకుడై, పరస్థలములకు పోవు అభిమానులకై స్కై బ్లూ పేర ప్రత్యేకమగు రైలు నడిపించెను. 1965లో కార్డిఫ్‌లో జరుగుచున్న ఆటను కవెంట్రీ మైదానమున పెద్దతెరలమీద ప్రసారముచేయింపగా పదివేలకు పైబడిన జనము చూచిరి. ప్రయాణము చేయు అభిమాని, చేయలేని అభిమాని, ఉభయుల సుఖమును ఇంతగా ఆలోచించిన నిర్వాహకుడు అరుదు. అట్టివాని ప్రేరణచేతనే 1981లో లీగువారు గెలుపునకు మూడు పాయింట్లను ప్రవేశపెట్టిరి. కారణము స్పష్టము: 1948-49లో నాలుగు కోట్లు దాటిన ప్రేక్షకసంఖ్య 1980-81 నాటికి సుమారు 2 కోట్ల 20 లక్షలకు పడిపోయినది, గోలులేని ఆటలకు జనము రారని నిర్వాహకులు భయపడిరి. మూడు పాయింట్లతో జనము తిరిగిరాలేదు. 1985-86లో ఆ సంఖ్య కోటి అరువదియైదు లక్షల ప్రాంతమునకు దిగజారినది. కాని లెక్క నిలిచినది. 1994 ప్రపంచకప్పులో దానిని అంగీకరించిన పిదప లోకమంతటను వ్యాపించినది. గెలుపులో సగమైన డ్రా ఒక్కసారిగా గెలుపులో మూడవవంతయ్యెను.

మూడు పాయింట్ల లెక్క వచ్చిన 1980 దశకమున పరస్థల అభిమాని జీవితము దుస్సహమయ్యెను. అల్లరుల భయముచే అతనిని ఇనుపకంచెల వెనుక బంధించిరి. 1989 ఏప్రిల్ 15న షెఫీల్డులోని హిల్స్‌బరో మైదానమునకు జట్టు వెంట వచ్చిన లివర్‌పూల్ అభిమానులలో 97 మంది ఆ కంచెల ఒత్తిడిలో ప్రాణములు కోల్పోయిరి. ఆ దుర్ఘటనను విచారించిన న్యాయమూర్తి టేలర్ నివేదికతో కంచెలు పోయి, కుర్చీలు వచ్చినవి. కుర్చీలతో ధరలు పెరిగినవి. అభిమాన సంఘములు ఎడతెగక పోరాడగా 2016 నుండి ప్రీమియర్ లీగులో పరస్థల అభిమాని టిక్కెట్టు 30 పౌన్లు మించరాదను కట్టడి ఏర్పడినది. ఈ న్యాయము మిక్కిలి ఆలస్యముగా జరిగినదని నా నిశ్చితాభిప్రాయము.

ఇప్పటి 38 ఆటల లీగులో ఇంట అన్నియు గెలిచి, బయట అన్నియు సమముచేసినచో వచ్చునది 76 పాయింట్లు. 1997లో మాంచెస్టర్ యునైటెడ్‌కు 75 చాలినవి. 2018లో మాంచెస్టర్ సిటీ 100 పొందెను. 1990 తరువాత అప్పటివరకు కిరీటమెరుగని లివర్‌పూల్, 2019 ఫిబ్రవరి 24న మాంచెస్టర్ యునైటెడ్ మైదానమునను, మార్చి 3న తన నగరములోనే స్టాన్లీ పార్కునకు ఆవలనున్న ఎవర్టన్ మైదానమునను గోలు లేకుండ ఆటలను ముగించి, అగ్రస్థానము జారవిడిచినది. ఒకనాడు లీడ్సు సాధించిన ఇట్టి ఫలితమునే కొనియాడిన కాప్ జనుల సంతతి ఆ రెండు దినములును దుఃఖమున మునిగినది. వారి దుఃఖము నిర్హేతుకము కాదు. ఆ యేట లివర్‌పూల్ 30 గెలిచి, 7 సమముచేసి, ఒక్కటే ఓడి 97 పాయింట్లు పొందగా, 32 గెలిచి, 2 సమముచేసి, 4 ఓడిన మాంచెస్టర్ సిటీ 98 పాయింట్లతో ఛాంపియనయ్యెను. 1888 నాటి లెక్కతో కూడినచో సిటీకి 66, లివర్‌పూల్‌కు 67.